వంకర తట్ట దాలమ్మ

మీ అవ్వకి అవ్వ ఇంకా చేటలో పడుకుని కాళ్ళాడిస్తున్న రోజులవి. అప్పటికి కొండకి పేరు లేదు. ఏటికి వంతెన లేదు. ఊరికి దారి ఒక్కటే. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి. నిద్రొచ్చినవాళ్ళు పడుకోండి. ఈ కథ ఎవరి నిద్రకీ అడ్డం రాదు.

ఆ కొండ కింద ఒక ఊరు. ఆ ఊరి చివర ఒక గుడిసె. ఆ గుడిసెలో దాలమ్మ అని ఒక మేదర ఆడమనిషి. కొండెక్కి వెదురు కొట్టుకొచ్చేది. చీల్చి బద్దలు తీసేది. చేటలు, తట్టలు, గంపలు అల్లేది.

దాలమ్మకి ఉన్నవి మూడు. ఒక కత్తి, ఒక మేక, ఒక నోరు. కత్తి మొద్దుబారింది. మేక కుంటిది. నోరు మాత్రం బాగా పనిచేసేది.

ఆ ఊళ్ళో ఎవరింట్లో బిడ్డ పుట్టినా మొదటి పడక కొత్త చేట. చేటలో గుడ్డ పరిచి బిడ్డని పడుకోబెట్టాలి. ఆ చేట దాలమ్మే తేవాలి. ఆమె చేట చంకన పెట్టుకుని వచ్చేసరికే పురిటిల్లు జనంతో నిండిపోయేది.

"ముక్కు తాతది."

"తాతదేటి, మేనత్తది. సూడు, అలా పైకి లేచిపోయింది."

"రంగు మాత్రం మావేపే."

అందరూ బిడ్డ చుట్టూ మూగేవాళ్ళు. దాలమ్మ మటుకు చేట ఎవరో ఒకరి చేతిలో పెట్టేసి, తిన్నగా తల్లి దగ్గరికి వెళ్ళి కూర్చునేది. అడిగేవి మూడే మాటలు.

"తిన్నావా? తొంగున్నావా? ఏడ్సేవా?"

తొంగోడమంటే ఆ వైపు పడుకోడం. మొదటి రెండు మాటలకీ ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. మూడో మాటకి ముసలమ్మలు మండిపడేవాళ్ళు.

"బిడ్డ పుట్టిన ఇంట్లో ఏడుపు మాటేటే దాలమ్మా! నోరు కడుక్కో."

"కడుక్కునే ఒచ్చేను. అడిగితే పోయిందేటి? ఏడవనోల్లు నవ్వుతారు. ఏడిసినోల్లు సెప్తారు."

చాలామంది నవ్వేవాళ్ళు. కొంతమంది చెప్పేవాళ్ళు. చెప్పినవాళ్ళ దగ్గర దాలమ్మ ఇంకాసేపు కూర్చునేది. మర్నాడూ వచ్చేది. ఆ మర్నాడూ వచ్చేది.

ఆ ఊళ్ళోనే గంగులు, నూకాలు అని ఆలుమగలు. పెళ్ళైన కొత్తలో వాళ్ళ గోల ఊరంతా వినిపించేది. నూకాలు గట్టు మీంచి అంబలి తెచ్చానని కేకేస్తే, గంగులు చేలోంచి పాట అందుకునేవాడు.

"నీ పాటకి మన ఎద్దు బెదిరిపోతంది మావా."

"ఎద్దుకి పాటంటే ఏటో తెలుసే. నీకే తెలీదు."

ఆమె నవ్వేది. అతను నవ్వేవాడు. ఎద్దు మేత మానేసి చూసేది.

ఇలా ఉండగా నూకాలుకి నెల తప్పింది. ఊరంతా సంతోషించింది. కానీ ఒక సంగతుంది. నూకాలు తల్లి నూకాల్ని కని కన్నుమూసింది. అది ఊరికి తెలుసు. నూకాలుకి తెలుసు. గంగులుకీ తెలుసు. పుట్టింట్లో పురుడు పోసే తల్లి లేదని పురుడు అత్తింట్లోనే అనుకున్నారు.

ఇద్దరికీ ఒకటే భయం పట్టుకుంది. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెబితే దానికి భయమేస్తుందని గంగులు చెప్పలేదు. చెబితే మావ బెంగపడతాడని నూకాలు చెప్పలేదు. పాట ఆగింది. కేక ఆగింది. నవ్వు ఆగింది.

గంగులు జొన్నచేలో మంచె ఎక్కాడు. పిట్టల కాపలా అన్నాడు. పగలూ మంచె మీదే. రాత్రీ మంచె మీదే. నూకాలు గడపలో కూర్చుని దారివైపు చూసేది. మావకి నా మొకం మొత్తీసింది అనుకునేది.

నెలలు నిండాయి. ఆడపిల్ల పుట్టింది. తల్లి బతికింది. పిల్ల బతికింది. ఊరంతా అమ్మయ్య అంది.

మూడోనాటికి నూకాలు గోడవైపు తిరిగి పడుకుంది. ఇంక ఇటు తిరగలేదు. పిల్ల ఏడిస్తే పాలిచ్చేది. ఇచ్చి మళ్ళీ గోడవైపు తిరిగేది. పథ్యపు అన్నం పెట్టింది పెట్టినట్టే ఉండేది. కంటికి కునుకు లేదు. కంట్లో తడి లేదు.

అప్పుడు దాలమ్మ ఊళ్ళో లేదు. ఏటవతల కూతురింటికి వెళ్ళింది. ఏరు పొంగి అక్కడే ఆగిపోయింది. గంగులు తల్లి గురమ్మ పిల్లని పాత చేటలోనే పడుకోబెట్టింది.

గురమ్మ మంచిదే. చెయ్యి పెద్దది. గొంతు పెద్దది. కంగారు అన్నిటికన్నా పెద్దది. కోడలికి గాలి సోకిందనుకుంది. మూడు పనులు చేసింది.

మొదట గుమ్మానికి వేపమండలు కట్టింది. చీపురు అడ్డం పెట్టింది. నూకాలు ఇటు తిరగలేదు.

తర్వాత చుట్టాలకి కబురెట్టింది. వాళ్ళు వరసగా వచ్చి కూర్చున్నారు.

"బంగారంలాంటి పిల్ల. సూసి నవ్వవే!"

"మేం కనలేదేటి? ఇలాగే తొంగున్నామేటి?"

"మా కాలంలో కన్న మర్నాడే కుప్ప నూర్చేం."

చెప్పి, కాయం ఉండలు తిని వెళ్ళిపోయారు. అవి బాలింత కోసం చేసిన ఉండలు. నూకాలు గోడకి ఇంకొంచెం దగ్గరగా జరిగింది.

మూడోసారి మంత్రగాడు జగ్గులు వచ్చాడు. తలుపులు మూయించి పొగ వేశాడు. పిల్ల దగ్గింది. గురమ్మ దగ్గింది. ఆఖరికి జగ్గులు కూడా దగ్గాడు. నూకాలు దగ్గలేదు.

"గట్టి దెయ్యం. మామూల్దైతే నా పొగకి ఆగదు." అని కళ్ళు తుడుచుకుని, గురమ్మ ఇచ్చిన కోడిని చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తొమ్మిదో రోజు ఏరు తగ్గింది. దాలమ్మ వచ్చింది. కొత్త చేట గురమ్మ చేతిలో పెట్టింది. తిన్నగా వెళ్ళి గోడకీ మంచానికీ మధ్య ఉన్న ఆ కాస్త సందులో దూరి కూర్చుంది. ఇప్పుడు నూకాలు గోడవైపు చూస్తే కనిపించేది దాలమ్మే.

"తిన్నావా?"

నూకాలు కళ్ళు మూసుకుంది.

"తొంగున్నావా?"

నూకాలు కళ్ళు తెరిచింది.

"ఏడ్సేవా?"

చాలాసేపయ్యాక నూకాలు నోరు విప్పింది. "ఏడుపు రావట్లేదు దాలప్పా."

దాలమ్మ ఊ అంది. కూర్చుంది.

"నాను నేకపోతే ఈ పిల్లగుంట బాగుంటాదేమో. మాయమ్మ నేకుండా నాను పెరగనేదేటి?"

గురమ్మ చేతిలో గిన్నె జారి కింద పడింది. "ఓలమ్మో! ఏటా మాటలు, సందేలప్పుడు..."

దాలమ్మ చెయ్యెత్తి ఆపింది. తప్పు అనలేదు. కళ్ళు పోతాయనలేదు. పిల్లని చూసైనా అని మొదలెట్టలేదు.

"సెప్పేవు. మంచి పని సేసేవు." అంది. "ఎన్నాల్నించి ఇలాగుంది?"

"పుట్టినకాడ్నించి."

"పిల్ల పుట్టినకాడ్నించా, నువ్వు పుట్టినకాడ్నించా?"

నూకాలు పెదవి కదిలింది. నవ్వు కాదది. నవ్వుకి దూరపు చుట్టం.

అప్పుడు దాలమ్మ తన సంగతి చెప్పింది. "నాకు గుంట పుట్టినప్పుడు నలబై రోజులు నానూ గోడనే సూసేను. ఆ గోడ మీద ఎన్ని బీటలున్నాయో ఇప్పటికీ సెప్పగల్ను. ఊరంతా ఒచ్చి పిల్లని సూసెల్లిపోయింది. నన్నొక్కరూ సూడనేదు. ఆ గుంట ఇప్పుడు ఏటవతల ముగ్గురు పిల్లల తల్లి. నాకన్నా గట్టిగా అరుస్తాది. తొమ్మిది రోజులు దాని అరుపులు ఇని ఒస్తన్నాను. నువ్వు ఊరుకున్నావు, నాకు సుకంగా ఉంది."

ఈసారి ఆ దూరపు చుట్టం ఇంకాస్త దగ్గరికొచ్చింది.

దాలమ్మ లేచి గురమ్మని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"అమ్మా, గాలీ నేదు, దెయ్యమూ నేదు. తిండి నేదు, నిద్దర నేదు, మాటాడే మనిసి నేదు. దీన్ని ఒక్కర్తినీ ఒగ్గకండి. సెంబు పట్టుకుని పెరట్లోకెల్లినా ఎనకాలే ఎల్లండి."

"నానేటి సెయ్యాలే దాలమ్మా? నాకు కాళ్ళూ సేతులూ ఆడ్డం నేదు."

"ముగ్గురు కావాల. పిల్లని పట్టుకోడానికి ఒకరు. కుండ పట్టుకోడానికి ఒకరు. సెయ్యి పట్టుకోడానికి ఒకరు."

"కుండ నాది." అంది గురమ్మ.

"పిల్ల నాది." అంది దాలమ్మ.

మరి చెయ్యి? ఇద్దరూ గుమ్మం వైపు చూశారు. గుమ్మంలో ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే దాలమ్మ గురమ్మని కోడలి పక్కన కూర్చోబెట్టింది. "నానొచ్చేదాకా కదిలితే నా మేక మీద ఒట్టు" అంది. చేనుకి నడిచింది.

గంగులు మంచె మీదున్నాడు. గడ్డం పెరిగిపోయింది. చేతిలో ఒడిసెల ఉంది. అందులో రాయి లేదు. పిట్టలు అతని పక్కనే వరసగా కూర్చుని కంకులు తింటున్నాయి.

"కాపలా బాగుంది బాబూ." అంది దాలమ్మ కింద నుంచి. "పిట్టలకి ఏ లోటూ రానీడం నేదు."

"ఎల్లు దాలప్పా."

"తిన్నావా?"

"నన్నడుగుతావేటి? కన్నది అది."

"కన్నది అదే. నువ్వేటి, దారిన పోయేవోడివా? తిన్నావా?"

"నేదు."

"తొంగున్నావా?"

"నేదు."

"ఏడ్సేవా?"

గంగులు నోరు తెరిచాడు. మూశాడు. మొగాడు కదా. మంచె మీద మొగాడు. అయినా కాసేపటికి మంచె ఊగడం మొదలెట్టింది. అంతకంతకీ గట్టిగా ఊగింది. పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. ఆ చేలో పిట్టలు బెదరడం అదే మొదలు.

దాలమ్మ గట్టు మీద కూర్చుంది. మంచె ఆగేదాకా ఆగింది.

"ఆల్లమ్మ దాన్ని కని పోయింది." అన్నాడు గంగులు. "నాను ఎల్లి సూస్తే ఇదీ పోతాదనిపించింది. సూడకపోతే ఉంటాదనిపించింది."

"సూడనేదు కదా."

"ఉందా?" అని అడిగాడు.

"ఉంది. సగమే ఉంది. ఆ సగమూ నువ్వు నేవని గోడని సూస్తంది. దిగు బాబూ."

గంగులు సగం దిగి ఆగాడు. "పురిటి మైల కదా. ఇరవై ఒకటో రోజు దాకా మగాడు గడప దాటకూడదు. మాయమ్మ ఊరుకోదు."

ఆ ఊళ్ళో అలాగే ఉండేది మరి. గడప లోపల తల్లీ పిల్లా. గడప బయట తండ్రి.

"దాటమన్నదెవులు?" అంది దాలమ్మ. "నాతో కొండకి రా. ఎదురు కొట్టాల."

మధ్యాహ్నానికి గంగులు వెదురు మోసుకుని ఇంటికొచ్చాడు. దాలమ్మ బద్దలు తీసింది. పొడుగు పొడుగు పచ్చి బద్దలు. వాటిని గడపకి అడ్డంగా పరిచింది. సగం గది లోపల. సగం అరుగు మీద. లోపలి కొసన నూకాల్ని కూర్చోబెట్టింది. బయటి కొసన గంగుల్ని కూర్చోబెట్టింది. పిల్లని తన ఒళ్ళో వేసుకుంది.

గురమ్మ గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. "మైల! మైల! అటు ముట్టుకున్నది ఇటు ముట్టుకుంటాడేటే!"

"పచ్చి ఎదురుకి మైల నేదు."

"ఎవులు సెప్పేరు?"

"నా సేట మీ పురిటి గదిలోకి ఎల్తాది. బైటికొస్తాది. మల్లీ ఎల్తాది. ఎన్నడైనా మైలన్నావా? అదీ ఎదురే, ఇదీ ఎదురే."

గురమ్మ ఆలోచించింది. గరిటె కిందికి దించింది. ఇంకా ఆలోచించింది. "కూర మాడిపోతంది" అని లోపలికి పోయింది.

"తడిక అల్లండి." అంది దాలమ్మ. "నాను ముట్టను. ఒకరు ఎత్తాల. ఒకరు దూర్చాల. ఒకరు ఎత్తకపోతే ఇంకొకరు దూర్చలేరు."

మొదటి రోజు ఇలా సాగింది.

"ఎత్తు."

"ఎత్తేను."

"దూర్చు."

"దూర్చేను."

"లాగు."

"లాగేను."

అంతే. పొద్దు వాలేదాకా ఇంక వేరే మాట లేదు. ఆ పూట నూకాలు నాలుగు ముద్దలు తింది.

రెండోరోజు నూకాలు తలెత్తింది. "అలా లాగుతావేటి? జొన్నమోపు కడతన్నావా?"

"నువ్వేటి అంత ఒదులుగా ఒగ్గేత్తన్నావు? అది నిలబడద్దా?"

"నీ పక్క బిగిసిపోయింది. సూసుకో."

"నీ పక్క జారిపోయింది. నువ్వు సూసుకో."

దాలమ్మ పిల్లని ఎత్తుకుని వంటింట్లోకి పరుగెత్తింది. "తగువొచ్చింది! గురమ్మా, తగువొచ్చింది! బియ్యం ఇంకో సోలెడు పొయ్యి!"

మూడోరోజు నూకాలు "ఎత్తు" అంది. అతను ఎత్తలేదు.

"ఎత్తు మావా."

"నూకాలూ."

"ఊ."

"నువ్వు సచ్చిపోతావని బయమేసింది."

బద్ద కదల్లేదు.

"అందుకే మంచె దిగనేదు."

"నా మొకం మొత్తీసిందనుకున్నాను."

"సూడ్డానికే బయపడినోడికి మొత్తడమేటే."

నూకాలు చేతిలో బద్దని చూసింది. గడప చూసింది. గడప అవతల గడ్డం పెరిగిన ముఖం చూసింది.

"నాకూ అదే బయం మావా. నాను పోతాననుకున్నాను. తొమ్మిది నెలలూ అదే అనుకున్నాను. పోనేదు. పోనందుకు ఏటి సెయ్యాలో తెలీలేదు."

అని ఏడ్చింది. చిన్నగా కాదు. పక్క వీధి కుక్కలు లేచి నిలబడేలా ఏడ్చింది. గురమ్మ పరుగెత్తుకొచ్చింది. "బాలింత ఏడవకూడదే, పాలు ఇరుగుతాయే!"

దాలమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఏడవనీ అమ్మా. మొన్నెప్పుడో బయల్దేరిన ఏడుపది. దారిలో ఆగిపోయింది. ఇయ్యాల మనింటికొచ్చింది. సెంబుతో నీల్లు తెచ్చియ్యి."

గురమ్మ నీళ్ళు తెచ్చింది. అప్పుడే బద్దల కింద నుంచి గంగులు చెయ్యి గదిలోకి వచ్చింది. నూకాలు ఆ చెయ్యి పట్టుకుంది. గురమ్మ చూసింది. మైల అనబోయింది. చెంబు అక్కడ పెట్టి, ఎసరు చూడ్డానికి వెళ్ళిపోయింది.

నూకాలు తిన్నది. పడుకుంది. పొద్దున పడుకున్న మనిషి దీపాలవేళకి లేచింది. "గుంటేదీ?" అని అడిగింది.

మూడు రోజుల్లో అంతా సర్దుకుందని చెబితే అది అబద్ధం. కొన్నాళ్ళు తెరిపి. కొన్నాళ్ళు ముసురు. ముసురు పట్టిన రోజున నూకాలు మళ్ళీ గోడవైపు తిరిగేది. అలాంటి రోజున ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. ఒకరు పిల్లని పట్టుకునేవాళ్ళు. ఒకరు కుండ పట్టుకునేవాళ్ళు. ఒకరు చెయ్యి పట్టుకునేవాళ్ళు. దాలమ్మ రోజూ వచ్చేది. రోజూ మూడు మాటలూ అడిగేది. జొన్నలు కోసి, కుప్పవేసి, నూర్చి ఇంటికి తెచ్చినదాకా వచ్చింది. ఒకరోజు నూకాలు గట్టు మీంచి కేకేసింది. చేలోంచి పాట వినిపించింది. ఎద్దు మేత మానేసి చూసింది.

ఆ రోజు దాలమ్మ రాలేదు.

ఇంతకీ ఆ తడిక సంగతి చెప్పలేదు కదూ. గంగులు పక్క బిగువు. నూకాలు పక్క వదులు. అల్లగా అల్లగా అది ఒక వైపు పైకి లేచిపోయింది. తడిక కాలేదు. దాలమ్మ దాన్ని అటు చూసింది, ఇటు చూసింది. కడుపు పట్టుకుని నవ్వింది. అంచులు వంచి కట్టేసింది. తట్ట అయింది. వంకర తట్ట. ఎక్కడ పెట్టినా ఒక పక్కకి ఒరిగేది.

పిల్లని అందులో పడుకోబెట్టారు. పిల్ల కాలాడిస్తే తట్ట ఊగేది. ఊపే మనిషి అక్కర్లేదు. మంచి చేటలో గంట పడుకోని పిల్ల వంకర తట్టలో మూడు గంటలు పడుకుంది. ఊళ్ళో ఉన్న తల్లులందరూ వచ్చి చూశారు.

"దాలప్పా, నాకొకటి అల్లియ్యి."

"నాను అల్లను. నువ్వూ నీ మొగుడూ అల్లండి. గడప మీద కూకుని అల్లండి."

అప్పట్నుంచి ఆ ఊళ్ళో కడుపుతో ఉన్న ప్రతి ఆడదీ, ఆమె మొగుడూ గడపకి చెరో వైపు కూర్చునేవాళ్ళు. అరుచుకునేవాళ్ళు. నవ్వుకునేవాళ్ళు. భయాలు చెప్పుకునేవాళ్ళు. ఒక్క తట్టా తిన్నగా వచ్చేది కాదు. సంతలో మిగతా మేదరవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు.

"ఏటే దాలమ్మా, మీ ఊళ్ళో ఒక్కరికీ అల్లిక నేర్పనేకపోయేవా?"

"తిన్నటివి దాన్యానికి. వంకరవి మనుసులకి."

ఏళ్ళు గడిచాయి. దాలమ్మ ముసలిదైంది. ఇల్లిల్లూ తిరగలేకపోయింది. నూకాలు ఒకరోజు వెళ్ళి పక్కన కూర్చుంది.

"దాలప్పా, నువ్వొచ్చి అడగబట్టి నాను సెప్పగలిగేను. నువ్వు రానేకపోతే ఎవులు అడుగుతారు? మాకై మేం ఎల్లి సెప్పాలంటే సిగ్గు. నోరు పెగల్దు."

దాలమ్మ కాసేపు మేక వీపు నిమిరింది. "నోరు పెగలకపోతే తట్ట బోర్లించండి. గడప ముందర పెట్టండి. సూసినోల్లు ఒస్తారు."

"రాకపోతే?"

"నువ్వున్నావు కదే."

ఆ వానాకాలం దాలమ్మ పోయింది. ఊరంతా వెళ్ళింది. కుంటి మేక గంగులు ఇంటికి వచ్చింది.

నెల తిరక్కుండా ఒక పొద్దున ఒక గడప ముందు తట్ట బోర్లించి ఉంది. ఎవరి గడప? మంత్రగాడు జగ్గులుది. అతని కోడలు కని వారమైంది. పొగ వేసి, దగ్గి దగ్గి, చివరికి ఎవరూ చూడకుండా జగ్గులే తట్ట తెచ్చి బోర్లించాడు.

ఊరు చూసింది. ఎవరూ కదల్లేదు. దాలమ్మ ఉంటే వెళ్ళేది అనుకున్నారు. ఒకరు చూసి నీళ్ళకి వెళ్ళారు. ఒకరు చూసి చేనుకి వెళ్ళారు. ఒకరు చూసి తలుపేసుకున్నారు.

నూకాలు బియ్యం కడుగుతోంది. తట్ట మాట విన్నది. చెయ్యి తుడుచుకుంది.

"మావా, లెగు."

"ఎక్కడికే?"

"జగ్గులు కొడుకు ఏ మంచె ఎక్కేడో సూడు. కిందనించి అడుగు. మూడూ అడుగు."

గురమ్మ అప్పటికి బాగా ముసలిది. నడుం వంగిపోయింది. కర్ర పట్టుకుని వెనకాలే బయల్దేరింది. "నా కోడిని పట్టుకుపోయేడు ఆ జగ్గులు. ఆడింట్లో నాను ఒండాలా?" అని గొణుగుతూనే వెళ్ళింది. వెళ్ళి కుండ పట్టుకుంది. నూకాలు కూతురు ఆ ఇంటి పిల్లని ఎత్తుకుంది. వంకర తట్టలో పడుకున్న ఆ గుంట అప్పటికి పెద్దదైంది. నూకాలు గోడకీ మంచానికీ మధ్య సందులో దూరి కూర్చుంది.

"తిన్నావా? తొంగున్నావా? ఏడ్సేవా?"

ఆ కోడలు లేచి కూర్చుంది. గోడవైపు కాదు, ఇటువైపు. జగ్గులు గుమ్మంలో నిలబడి చూశాడు. వెళ్ళి ఒక కోడిని తెచ్చి గురమ్మ చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఆ ఊళ్ళో ఏ తట్ట బోర్లించినా పొద్దెక్కేలోగా ముగ్గురు వెళ్ళేవాళ్ళు. ఆ ఊరి ఆడపిల్లలు పెళ్ళై ఏ ఊరెళ్ళినా ఆ ఊరికి తట్ట వెళ్ళింది.

ఇప్పటికీ కొండకింది ఊళ్ళల్లో చూడండి. కడుపుతో ఉన్న ఇంట ఆలుమగలు గడపకి చెరో వైపు కూర్చుని తట్ట అల్లుతారు. ఎంత బాగా అల్లేవాళ్ళైనా వంకరగానే అల్లుతారు. తిన్నగా వస్తే ఊడదీసి మళ్ళీ అల్లుతారు. పచ్చి వెదురుకి మైల లేదని ముసలమ్మలు శాస్త్రం చెప్పినట్టు చెబుతారు. బాలింతని చూడ్డానికి వెళితే ముందు పిల్లని చూడరు. తండ్రి అరుగు మీద ఉంటే అతన్నీ ఊరికే దాటిపోరు. అడగాల్సినవి అడిగాకే పిల్ల ముక్కు ఎవరిదో తేలుస్తారు.

తట్ట ఇప్పుడు చాలా దూరం వచ్చింది. మొన్న మా గడప ముందరా బోర్లించాం.

పొద్దెక్కలేదు. ముగ్గురొచ్చారు. ముందు వచ్చినావిడ ఎవరో నాకు తెలీదు. ఊయలవైపు చూడలేదు. నావైపూ చూడలేదు. తిన్నగా మా అమ్మాయి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

"తిన్నావా తల్లీ?" అంది.